చుక్కల కోసం కొండలు వెతికిన హైదరాబాదీ

1953. వైను బప్పుకు ఇరవై ఆరేళ్లు. హార్వర్డ్‌ డాక్టరేట్‌ చేతికొచ్చి ఏడాదైంది. ఒక తోకచుక్కకు ఆయన పేరు పడి అప్పటికి నాలుగేళ్లు. కాలిఫోర్నియాలో కార్నెగీ ఫెలోషిప్‌. అది దక్కిన తొలి భారతీయుడు ఆయనే. మౌంట్‌ విల్సన్‌ మీద 100 అంగుళాల టెలిస్కోప్‌, పాలోమార్‌ కొండ మీద 200 అంగుళాల టెలిస్కోప్‌. అప్పటికి ప్రపంచంలో వాటిని మించినవి లేవు. నక్షత్రాల మీద పనిచేసేవాళ్లు అక్కడ నాలుగు రాత్రులు దొరికితే చాలనుకునే రోజులు. బప్పు మాత్రం ఆ ఏడాదే పెట్టె సర్దుకుని ఇండియా వచ్చేశారు.

ఇక్కడ ఏముంది? నక్షత్రాల కాంతిని విడదీసి చూడటానికి పనికొచ్చే పెద్ద టెలిస్కోప్‌ ఒక్కటీ లేదు. కొడైకెనాల్‌లో పేరున్న అబ్జర్వేటరీ ఉంది కానీ, దాని పనంతా సూర్యుడి మీదే. ఆస్ట్రోఫిజిక్స్‌ చదువుకుంటానని వచ్చిన కుర్రాడికి చూపించడానికి నల్లబల్ల తప్ప పరికరం లేదు. అలాంటి చోటికి వచ్చి, తర్వాతి 29 ఏళ్లు ఆయన చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే కొండలు వెతకడం. నైనిటాల్‌, కొడైకెనాల్‌, జవ్వాది కొండలు. ఎక్కడ ఆకాశం తేటగా ఉంటే అక్కడికి దారి వేయించడం, గుమ్మటం కట్టించడం, అద్దం బిగించడం.

ఆయన హైదరాబాద్‌ కుర్రాడన్న సంగతి హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. ఇది రాయడానికి అదొక కారణం.

నవాబు కొన్న టెలిస్కోప్‌

మనాలి కల్లట్‌ వైను బప్పు పుట్టింది మద్రాసులో, 1927 ఆగస్టు 10న. కుటుంబానిది కేరళలోని కణ్ణూరు ప్రాంతం. పెరిగింది, చదివింది హైదరాబాద్‌లో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఖగోళ పరిశీలకుడు కావడమే దానికి కారణం.

ఆ అబ్జర్వేటరీ కథే ఒక వింత. ‘పైగా’ అనే ప్రభువుల కుటుంబంలో జాఫర్‌ జంగ్‌ అనే నవాబు ఉండేవాడు. వేటలు, విందులు, గుర్రాల మీద డబ్బు పోసే రోజుల్లో ఈయనకు ఆకాశం పిచ్చి పట్టుకుంది. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్‌ టెలిస్కోప్‌ తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన స్థలంలో నిలబెట్టాడు. నిజాం పేరు పెట్టుకోవడానికి అనుమతి తీసుకున్నాడు. తన తర్వాత దీన్ని ప్రభుత్వం చూసుకోవాలని కోరాడు. 1907లో ఆయన పోయాక నిజాం సర్కారు ఆ మాట నిలబెట్టి, అబ్జర్వేటరీని ఊరికి దూరంగా, అప్పట్లో చీకటిగా ఉండే బేగంపేటకు మార్చింది. బేగంపేటలో చీకటి! ఇప్పుడు ఫ్లైఓవర్‌ మీద వెళ్లేవాళ్లకు నమ్మబుద్ధి కాదు.

ప్రపంచంలోని అబ్జర్వేటరీలన్నీ ఆకాశాన్ని పంచుకుని, ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారుచేసే బృహత్తర పథకం అప్పట్లో నడుస్తోంది. చిలీలోని శాంటియాగో తన వాటా పూర్తిచేయలేక వదిలేసిన ముక్కను హైదరాబాద్‌ నెత్తినెత్తుకుంది. ఆకాశంలో మైనస్‌ 17 నుంచి మైనస్‌ 23 డిగ్రీల మధ్య పట్టీ అది. రాత్రిళ్లు గాజు పలకల మీద ఫొటో తీయడం, పగళ్లు ఆ పలకల మీద ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి రాయడం. ఏళ్ల తరబడి సాగిన ఆ చాకిరీ పన్నెండు సంపుటాలుగా అచ్చయింది. 1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

వైను బప్పు బాల్యం ఈ వాతావరణంలో గడిచింది. ఆ రోజుల్లో దేశంలో ఎంతమంది పిల్లలకు నిజమైన టెలిస్కోప్‌ చెంత పెరిగే యోగం ఉంటుంది? వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను ఆ కుర్రాడు రాత్రుళ్లు కూర్చుని గమనించేవాడు. వాటి మీద చిన్న చిన్న పరిశోధన వ్యాసాలు అచ్చయ్యేనాటికి ఇంకా కాలేజీ విద్యార్థే. నిజాం కాలేజీలో ఫిజిక్స్‌ చదివాడు. హార్వర్డ్‌ అబ్జర్వేటరీ డైరెక్టర్‌ హార్లో షేప్లీ మన దేశానికి వచ్చినప్పుడు వెళ్లి కలిశాడు. పాలపుంతలో మన సూర్యుడు నడిమధ్యన లేడని, ఒక మూలన ఉన్నాడని లెక్కగట్టి చెప్పినవాడు షేప్లీ. అంతటివాడి దృష్టిలో పడ్డ కుర్రాడికి హైదరాబాద్‌ ప్రభుత్వ ఉపకారవేతనం తోడైంది. 1949 మొదట్లో బప్పు హార్వర్డ్‌ చేరారు.

అదే ఏడాది జులై 2 రాత్రి. మామూలు పరిశీలనలో భాగంగా తీసిన ఫొటో పలకను కడిగి చూస్తే నక్షత్రాల మధ్య ఉండకూడని మసక గీత ఒకటి కనిపించింది. ఆచార్యుడు బార్ట్‌ బాక్‌, తోటి విద్యార్థి గోర్డన్‌ న్యూకిర్క్‌ కూడా చూశారు. కొత్త తోకచుక్క! దానికి బప్పు–బాక్‌–న్యూకిర్క్‌ అని పేరు పెట్టారు. పసిఫిక్‌ ఖగోళ సంఘం ఇచ్చే డోనో పతకం వచ్చింది. మళ్లీ అది సూర్యుడి దగ్గరికి రావాలంటే 60 వేల ఏళ్లు పడుతుందని అప్పటి లెక్క. పత్రికలకు ఇదే పెద్ద వార్త. నిజం చెప్పాలంటే బప్పు చేసిన పనుల్లో ఇది చిన్నది. తోకచుక్క అదృష్టం కొద్దీ దొరుకుతుంది. తర్వాత చేసింది అదృష్టంతో అయ్యే పని కాదు.

గీత వెడల్పులో నక్షత్రం దూరం

నక్షత్రం కాంతిని పట్టకం గుండా పంపితే రంగుల పట్టీ వస్తుంది. ఆ పట్టీలో అక్కడక్కడా సన్నని నల్లగీతలుంటాయి. ఒక్కో మూలకానికి దాని గీతలు దానికే ఉంటాయి కాబట్టి, వాటిని చూసి నక్షత్రంలో ఏముందో చెప్పొచ్చు. పట్టీకి ఊదా చివర, 3934 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, కాల్షియం వేసే లోతైన నల్లగీత ఉంది. దాన్ని ‘కె’ గీత అంటారు. సూర్యుడి లాంటివి, సూర్యుడి కంటే చల్లనివి అయిన నక్షత్రాల్లో ఈ నల్లగీత నడిమధ్యన ఒక సన్నటి వెలుగు కనిపిస్తుంది. నక్షత్రం ఉపరితలానికి పైన ఉండే వేడి పొర, అంటే క్రోమోస్ఫియర్‌, వెలువరించే కాంతి అది.

కార్నెగీ ఫెలోషిప్‌ మీద బప్పు చేరింది కాలిఫోర్నియాలోని పాసడీనాలో. అక్కడ ఓలిన్‌ విల్సన్‌ అనే పెద్దాయన ఈ వెలుగుల మీద అప్పటికే పలకలు పోగేస్తున్నారు. బప్పు ఆయనతో కలిశారు. పని ఎలా ఉంటుందంటే, గాజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అడ్డుగీతను వెలుగు ఈ అంచుకు సరిచేసి అంకె రాసుకోవాలి. మర తిప్పి ఆ అంచుకు జరిపి మళ్లీ రాసుకోవాలి. తేడాయే వెడల్పు. ఒక నక్షత్రం అయ్యాక ఇంకొకటి. మొత్తం 185 నక్షత్రాలు. కంప్యూటర్‌ లేదు, అంతా కంటి కొలతే.

కొలిచిన వెడల్పులను నక్షత్రాల అసలు కాంతితో కలిపి గ్రాఫ్‌ గీస్తే చుక్కలన్నీ తిన్నగా ఒకే వరసలో కూర్చున్నాయి. నక్షత్రం ఎంత పెద్ద వెలుగైతే గీత అంత వెడల్పు. నక్షత్రం రంగుతో పనిలేదు, ఆ సన్న వెలుగు ఎంత ప్రకాశంగా ఉందన్న దానితోనూ పనిలేదు. వెడల్పుదే పెత్తనం. ఈ వరస ఏకంగా 15 మాగ్నిట్యూడ్‌ల మేర సాగింది. అంటే మరుగుజ్జు నక్షత్రానికీ మహాకాయానికీ మధ్య కాంతి తేడా 10 లక్షల రెట్లు. అంత తేడాకు గీత వెడల్పు మారేది దాదాపు 10 రెట్లు.

దీని వల్ల ఒరిగేదేమిటి? ఆకాశంలో మసగ్గా కనిపించే నక్షత్రం నిజంగానే మసకదా, లేక మహా కాంతివంతమైనదే దూరంగా ఉందా అన్నది ఖగోళ శాస్త్రంలో తొలినాటి నుంచీ ఉన్న చిక్కుముడి. ‘కె’ గీత వెడల్పు కొలిస్తే అసలు కాంతి తెలుస్తుంది. అసలు కాంతి, కనిపించే కాంతి రెండూ చేతిలో ఉంటే దూరం లెక్క వచ్చేస్తుంది. సమాన కాంతి గల రెండు నక్షత్రాల్లో ఒకటి నూరో వంతు వెలుగుతో కనిపిస్తోందంటే అది పదిరెట్లు దూరాన ఉన్నట్టు. ఆరు నెలల తేడాతో రెండుసార్లు చూసి కోణం కొలిచే పాత పద్ధతి అప్పట్లో దగ్గరి నక్షత్రాల దగ్గరే ఆగిపోయేది. ఈ పద్ధతికి మాత్రం ‘కె’ గీతను పట్టేంత వెలుగు అందితే చాలు.

1957లో ‘ఆస్ట్రోఫిజికల్‌ జర్నల్‌’లో వ్యాసం అచ్చయింది. అప్పటి నుంచీ పాఠ్యపుస్తకాల్లో దాని పేరు విల్సన్‌–బప్పు ఎఫెక్ట్‌. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ రోహిణి నక్షత్రానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. ముత్యాలు పుట్టిస్తుందని చెప్పుకునే స్వాతికీ వర్తిస్తుంది. రెండూ ఎర్రబారిన మహాకాయాలే. రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, స్వాతి 37. తర్వాత హిప్పార్కస్‌ ఉపగ్రహం నక్షత్రాల దూరాలను నేరుగా, ఎంతో నిక్కచ్చిగా కొలిచింది. ఆ కొలతలతో సరిచూసినా వరస చెదరలేదు. వరసకు అటూ ఇటూ కొంత చెల్లాచెదురు ఉందని తేలింది, అంతే. కంటితో కొలిచిన 185 గీతలకు అది గట్టి సర్టిఫికెట్‌.

ఈ వ్యాసం అచ్చయ్యేనాటికి రచయితల్లో ఒకరు కాలిఫోర్నియాలో ఉన్నారు, రెండోవారు నైనిటాల్‌లో టెలిస్కోప్‌ కోసం చోటు చదును చేయిస్తున్నారు.

కాశీ నుంచి కొండల మీదికి

ఉత్తరప్రదేశ్‌ రాజకీయ నాయకుడు సంపూర్ణానంద్‌కు ఖగోళ శాస్త్రమంటే ఇష్టం. ఆయన పూనికతో 1954లో కాశీ సంస్కృత కళాశాల ఆవరణలో రాష్ట్ర అబ్జర్వేటరీ మొదలైంది. ఆ ఏడాది చివర్లో దాని పగ్గాలు బప్పు చేతికి వచ్చాయి. గంగ ఒడ్డు దుమ్ములో నక్షత్రాలు చూడటం అయ్యే పని కాదు. మరుసటి ఏడాదే దాన్ని నైనిటాల్‌కు మార్పించారు. ఇవాళ ఏరీస్‌ పేరుతో దేశంలోని ముఖ్యమైన ఖగోళ సంస్థల్లో ఒకటిగా నడుస్తున్నది అదే.

అది నిలదొక్కుకుంటుండగానే, 1960లో, కొడైకెనాల్‌ పిలిచింది. 33 ఏళ్లకే డైరెక్టర్‌. 1899లో మొదలైన అబ్జర్వేటరీ అది. సూర్యుడి మచ్చల్లో వాయువులు పక్కకు పారుతాయని 1909లో జాన్‌ ఎవర్‌షెడ్‌ కనిపెట్టింది అక్కడే. బప్పు వచ్చేసరికి కొత్తగా సొరంగం టెలిస్కోప్‌ అమరి ఉంది. సూర్యుడి కాంతిని బురుజు మీది అద్దాలతో పట్టి, నేలమాళిగలోకి పంపి విడదీసి చూసే ఏర్పాటు. నక్షత్రాల మనిషి దాన్ని పట్టుకుని సూర్యుడిని ఏం చేశాడన్నది ఆసక్తికరం. దూరపు నక్షత్రం ఎంత పెద్ద టెలిస్కోప్‌లోనైనా ఒక చుక్కే. అందులో ‘కె’ వెలుగు ఏ భాగం నుంచి వస్తోందో కనిపించదు. సూర్యుడి మీద కనిపిస్తుంది. బప్పు, ఆయన శిష్యుడు కె.ఆర్‌. శివరామన్‌ కలిసి సూర్యుడి ముఖం మీది చిన్నచిన్న వెలుగు మరకలను ఒక్కొక్కటిగా చదివారు. విల్సన్‌–బప్పు సూత్రానికి సూర్యుడి వైపు నుంచి కట్టుబడేది ఆ సన్నటి మరకలేనని 1971లో చూపించారు. కాలిఫోర్నియాలో దొరికిన ప్రశ్నకు జవాబులో సగం కొడైకెనాల్‌లో దొరికింది.

కానీ కొడైకెనాల్‌ మబ్బుల కొండ. ఏడాదిలో రెండు రుతుపవనాల తాకిడీ దానికే. రాత్రి ఆకాశానికి ఇంకో కొండ కావాలి. ఎలాంటిది కావాలో బప్పుకు బాగా తెలుసు. ఎందుకంటే ఆయన మనసు పారేసుకున్న మరో రకం నక్షత్రాలు దక్షిణ ఆకాశంలో ఉన్నాయి. వాటి పేరు వుల్ఫ్‌–రాయెట్‌. మహా వేడి, మహా తొందర. పైపొరలను గాలిలా ఊదేసుకుంటూ, సూర్యుడి లాంటి నక్షత్రాలతో పోలిస్తే కన్ను మూసి తెరిచేంతలో బతుకు ముగించుకుంటాయి. వాటిలో మనకు బాగా దగ్గరిది, కంటికి కనిపించేది గామా వెలోరమ్‌. అది పాలోమార్‌ నుంచి చూస్తే దిగ్మండలం మీద 10 డిగ్రీలకు కూడా లేవదు. నైనిటాల్‌ నుంచి 13. దక్షిణాదిన సరైన చోటు దొరికితే 30 డిగ్రీలు లేస్తుంది. నేలకు దగ్గరగా చూసే కాంతి మందపాటి గాలి పొరలు దాటి రావాలి. అందుకే ఈ పదీ ఇరవై డిగ్రీల తేడాకు అంత విలువ.

వెతగ్గా వెతగ్గా తమిళనాడులో, చిత్తూరు జిల్లా సరిహద్దుకు అవతల, జవ్వాది కొండల్లో కావలూరు అనే పల్లె దొరికింది. 725 మీటర్ల ఎత్తు. చందనం చెట్ల అడవి. చుట్టూ ఊళ్ల దీపాలు లేవు. 1968లో కొడైకెనాల్‌ వర్క్‌షాపులో తయారైన 38 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో అక్కడ పని మొదలైంది. 1972లో జర్మనీ నుంచి ఒక మీటరు టెలిస్కోప్‌ వచ్చింది. వచ్చిన ఏడాదే గురుగ్రహం చందమామ గనిమీడ్‌ ఒక నక్షత్రాన్ని కప్పేస్తుండగా గమనించి, దానికి పల్చటి వాతావరణం ఉండొచ్చని ఆధారం చూపారు. 1977 మార్చి 10 రాత్రి యురేనస్‌ ఇంకో నక్షత్రం మీదుగా పోతుంటే, గ్రహం అంచు తగలకముందే నక్షత్రం కాంతి ఒక్కసారి తగ్గి మళ్లీ పెరిగింది. ఆ రాత్రే ప్రపంచంలో పలుచోట్ల ఇదే కనిపించింది. యురేనస్‌కు వలయాలున్నాయని తేలింది. కావలూరులో ఆ రాత్రి టెలిస్కోప్‌ దగ్గర ఉన్నది జె.సి. భట్టాచార్య బృందం. బప్పు తర్వాత సంస్థ పగ్గాలు పట్టింది కూడా ఆయనే.

మధ్యలో 1971లో కొడైకెనాల్‌ అబ్జర్వేటరీ ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఆస్ట్రోఫిజిక్స్‌గా స్వయంప్రతిపత్తి సంస్థ అయింది. తర్వాత కేంద్రం బెంగళూరుకు మారింది. భట్నాగర్‌ పురస్కారం, పద్మభూషణ్‌, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్ష పదవి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు బప్పే.

మన చేతి అద్దం

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన పని 2.34 మీటర్ల టెలిస్కోప్‌. పెద్ద టెలిస్కోప్‌ కావాలంటే విదేశీ కంపెనీకి ఆర్డరు పెట్టడం తేలిక. బప్పు దాన్ని ఇక్కడే తయారుచేయాలని పట్టుబట్టారు. పట్టుదలకు కారణం ఉంది. కొని తెచ్చిన యంత్రం చెడితే కంపెనీవాడు రావాలి. చేసుకున్న యంత్రం చెడితే చేసినవాళ్లే బాగుచేస్తారు. పైగా దాన్ని చేస్తూ చేస్తూ పదిమంది పనివాళ్లు తయారవుతారు. గాజు దిమ్మ మాత్రం జర్మనీ నుంచి వచ్చింది. వేడికి వ్యాకోచించని ప్రత్యేకమైన గాజు అది, బరువు మూడున్నర టన్నులు. దాన్ని బెంగళూరులో సంస్థ సొంత ప్రయోగశాలలో సానపట్టారు. రుద్దడం, ఆపడం, పరీక్షించడం, ఎక్కడ ఎత్తుగా ఉందో చూసి మళ్లీ రుద్దడం. అద్దం ఆకారంలో పొరపాటు వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు మించితే నక్షత్రం చుక్కలా కాకుండా మరకలా కనిపిస్తుంది. ఉక్కు చట్రం వాల్‌చంద్‌నగర్‌ ఇండస్ట్రీస్‌లో తయారైంది.

ఆ టెలిస్కోప్‌లోంచి తొలి వెలుగు చూసే భాగ్యం ఆయనకు లేదు. 1982 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య మహాసభ గ్రీస్‌లోని పాత్రాస్‌లో జరుగుతోంది. అధ్యక్షుడు వేదిక మీద లేరు, మ్యూనిక్‌ ఆస్పత్రిలో ఉన్నారు. గుండె శస్త్రచికిత్స తర్వాత ఆగస్టు 19న కన్నుమూశారు. 55 ఏళ్లు నిండి తొమ్మిది రోజులు.

1986 జనవరి 6న ప్రధాని రాజీవ్‌గాంధీ కావలూరు వచ్చి ఆ టెలిస్కోప్‌కూ, అబ్జర్వేటరీకీ వైను బప్పు పేరు పెట్టారు. 2016లో నైనిటాల్‌ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్‌ వచ్చేదాకా, మూడు దశాబ్దాలు, దేశంలో అదే అతి పెద్దది. దేవస్థల్‌ కూడా ఏరీస్‌దే. అంటే బప్పు రికార్డును చెరిపేసింది కూడా బప్పు నాటిన చెట్టే.

ఇంకో సంగతి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య–ఎల్‌1 ఎగిరింది. సూర్యుడి వెలుపలి పొరను చూసే అందులోని ముఖ్య పరికరం వెల్క్‌ను తయారుచేసింది ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఆస్ట్రోఫిజిక్సే.

మన పిల్లలకు దారి

ఇంట్లో పిల్లాడో పిల్లో ఆస్ట్రోఫిజిక్స్‌ చదువుతానంటే కంగారు పడాల్సిన పని లేదు. బీఎస్సీలో ఫిజిక్స్‌, మ్యాథ్స్‌ గట్టిగా పట్టుకోవాలి. ‘జామ్‌’ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ, తర్వాత ‘జెస్ట్‌’ లేదా ‘నెట్‌’ రాస్తే పీహెచ్‌డీ. బెంగళూరు, పుణె, నైనిటాల్‌, ముంబయి సంస్థల్లో చేరితే స్టైపెండ్‌ ఇస్తారు. ఇంజినీరింగ్‌ చదివినవాళ్లకూ తలుపు మూయలేదు. డిటెక్టర్లు, ఆప్టిక్స్‌, డేటా విశ్లేషణ తెలిసినవాళ్లు అక్కడ ఎప్పుడూ కావాలి. ఎప్‌సెట్‌ ర్యాంకు చుట్టూ తిరిగే మన ఇళ్లల్లో ఈ దారి గురించి మాట వినపడదు. అది పిల్లల తప్పు కాదు. బప్పుకు కూడా ఎవరో కెరీర్‌ గైడెన్స్‌ ఇవ్వలేదు, నాన్న పనిచేసే చోట టెలిస్కోప్‌ ఉంది, అంతే.

ఇప్పుడు ఆ టెలిస్కోప్‌ ఉన్న చోటు సంగతి. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఇవాళ ఆర్థిక సామాజిక అధ్యయనాల సంస్థ సెస్‌ ఉంది. ఉస్మానియా పరిశీలనలు ఎప్పుడో 1960లలోనే జపాల్‌–రంగాపూర్‌కు తరలిపోయాయి. బేగంపేట గుమ్మటాలు మాత్రం దశాబ్దాలుగా పనిలో లేవు. నగరం వెలుతురులో అక్కడ పరిశోధన ఇక కుదరదు, నిజమే. కానీ చందమామ గుంటలు, శని వలయాలు, గురుడి చుట్టూ తిరిగే నాలుగు పెద్ద ఉపగ్రహాలు నగరం నడిబొడ్డున కూడా చిన్న టెలిస్కోప్‌లో చక్కగా కనిపిస్తాయి. ఆ గుమ్మటాలకు మరమ్మతు చేయించి, ఒక మామూలు టెలిస్కోప్‌ పెట్టి, వారానికి ఒక్క సాయంత్రం ప్రభుత్వ బడి పిల్లలకు తెరిస్తే పెద్ద ఖర్చు కాదు. గేటు దగ్గర వైను బప్పు పేరుతో ఒక బోర్డు పెడితే అసలు ఖర్చే కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, తెలంగాణ ప్రభుత్వం కూర్చుని ఈ ఒక్క పని చేయాలి.